మెట్ల మధ్య గాలం

ఆ శనివారం పొద్దున్న ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, కొత్త గాలం రీలుకు దారం చుట్టాలి, స్నానం చేయాలి, మధ్యాహ్నం కాసేపు కునుకు తీయాలి. దారం చుట్టడం మహా అయితే పది నిమిషాల పని అని ఆయన లెక్క. ఏ పనైనా ఆయన లెక్కలో పది నిమిషాలే. ఆయనకు ప్రతి పనీ చేయకముందే వచ్చు.

ఆఫీసులో ఆయన్ని చాటుగా అందరూ "తెలుసుగారు" అంటారు. ఎవరేం చెప్పబోయినా సగంలోనే "తెలుసు, తెలుసు" అనేయడం ఆయన అలవాటు. తెలియదు అనే మాట మాత్రం గొంతు దాటి వచ్చేది కాదు. దీనికి వెనక చిన్నప్పటి దెబ్బో, తండ్రి కోపమో, ఏదో ఒక గంభీరమైన కారణం ఉంటే బాగుండునని ఆయనకే అప్పుడప్పుడు అనిపించేది. ఎంత వెతికినా అలాంటిదేమీ దొరకలేదు. ఆ మాట అన్న మరుక్షణం ఎదుటివాడి కళ్ళకు తాను అంగుళం పొట్టిగా కనబడతానేమోనన్న భయం, అంతే.

ఆయన పనిచేసేది నీటి పంపుల కంపెనీలో. కొత్త మేనేజరు వచ్చి ఎంతో కాలం కాలేదు. మేనేజరు కుర్చీ వెనక గోడకి ఒక ఫొటో ఉంది. టోపీ నీడలో సగం ముఖం మాయమైన మనిషి, చేతుల్లో చంటిపిల్లంత చేప. ఆ రోజుల్లోనే హెడ్డాఫీసులో సెక్షన్ హెడ్డు పోస్టు ఖాళీ అయింది. ఆ పోస్టుకు గాజు గది ఉంది. తెలుసుగారు కొన్నేళ్ళుగా ఆ గదిని బయటినుంచి చూస్తూ, లోపల తాను కూర్చుంటే బయటివాళ్ళకి ఎలా కనిపిస్తాడో ఊహించుకుంటూ ఉన్నాడు. అక్కడికి ఎవరి పేరు పంపాలో తేల్చేది ఈ మేనేజరే. ఫైలు పట్టుకెళ్ళిన తెలుసుగారు ఒకసారి ఫొటోని, ఒకసారి మేనేజరుని చూశాడు.

"గాలం వేయడమంటే మాటలు కాదు సార్. నేనూ చిన్నప్పట్నుంచీ వేస్తున్నాను," అన్నాడు.

మేనేజరు కాస్త తడబడ్డాడు. "అలాగా! మంచిది. అయితే... ఓ ఆదివారం వెళ్దామా?"

"తప్పకుండా సార్."

ఆ ఆదివారం రేపే.

"ఏవండీ," అంది భార్య కాఫీ గ్లాసు చేతికిస్తూ, "ఎదురింటివాళ్ళ గాజుతొట్టెలో చేప చచ్చిపోయింది, కాస్త తీసిపెట్టండని వాళ్ళు తలుపు కొడితే మీరు స్నానాల గదిలో దాక్కున్నారు. రేపు బతికున్న చేప పడితే ఏం చేస్తారు?"

"పడదు," అన్నాడాయన ధీమాగా. "వెళ్ళిన ప్రతిసారీ పడవు. గాలం వేసేవాళ్ళకది తెలుసు."

రీలు, కర్ర, దారం ముందురోజు సాయంత్రమే కొనుక్కొచ్చాడు. దుకాణదారు మంచివాడు. చెప్పడానికి చాలా ప్రయత్నించాడు.

"ఎలాంటి చేపలకి సార్? చిన్నవాటికా, పెద్దవాటికా?"

"పెద్దవాటికే," అన్నాడు తెలుసుగారు. చిన్నవాటికి అని ఎవడంటాడు?

"అల్లిక దారమైతే సన్నగా ఉండి గట్టిగా ఉంటుంది సార్. కానీ ఉత్త రీలు మీద జారిపోతుంది. అడుగున కొంచెం నైలాన్ చుట్టుకోవాలి."

"తెలుసు."

"నైలాన్ జారదు. కానీ మీ రీలు చిన్నది, మరీ లావు దారమైతే స్ప్రింగులా లేచిపోతుంది. చుట్టేటప్పుడు కండెని నేలమీద పడుకోబెట్టి..."

"తెలుసు."

"గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు..."

"తెలుసయ్యా."

"అయినా మెలి పడితే, చివర ఏమీ కట్టకుండా దారం మొత్తం పొడుగ్గా వదిలేసి..."

"తెలుసన్నానుగా!"

దుకాణదారు దండం పెట్టి కండె కాగితంలో చుట్టి ఇచ్చాడు. తెలుసుగారు ఎంచుకున్నది కొట్టులో ఉన్నవాటిలోకల్లా లావు నైలాన్. రీలు అంచు మీద ఎంత లావు దారం ఎంత పొడుగు పడుతుందో అంకెలు చెక్కి ఉన్నాయి. ఆయన అది మోడల్ నంబరు అనుకున్నాడు. లావు దారంలో ఒక హోదా ఉందని ఆయనకు తోచింది.

కాఫీ అయ్యాక హాల్లో సోఫా ముందు కూర్చుని భార్యను పిలిచాడు. కండె బెజ్జంలో పెన్సిలు దూర్చి, రెండు చేతులతో పట్టుకుని కూర్చోమన్నాడు. దారం తిన్నగా వస్తుందని ఆయన నమ్మకం. నిజానికి అలా చుడితే రీలు తిరిగిన ప్రతిసారీ దారంలో ఒక మెలి పడుతుంది. ఆ సంగతి దుకాణదారు చెప్పబోయిన వాక్యంలో రెండో సగం.

అలాంటి రీలు మీద, దారం పడే చోటు చుట్టూ తిరిగే వంపు కమ్మీ ఒకటి ఉంటుంది. కమ్మీ ఎత్తితే దారం స్వేచ్ఛగా పోతుంది, దించితే కమ్మీయే దారాన్ని పట్టి చుడుతుంది. అందుకని ముడి వేయడానికి ముందే కమ్మీ ఎత్తాలి. ఆయన కమ్మీ దించి ఉండగానే ముడి వేసి, పిడి తిప్పడం మొదలుపెట్టాడు.

"ఏవండీ, నా దగ్గర దారం కదలడం లేదు."

"మొదట్లో అలాగే ఉంటుంది."

"కమ్మీ ఒక్కటే తిరుగుతోంది."

"అది వేడెక్కాలి."

వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తగారికి ఊరుకోబుద్ధి కాలేదు. "నా కుట్టుమిషను కూడా నూనె లేకపోతే ఇలాగే ఉత్తినే తిరిగేది అల్లుడుగారూ. కాస్త పోయనా?"

"వద్దత్తయ్యా!"

అప్పటికే పోసేసింది. వంటనూనె. రీలు ఇంకా హాయిగా, ఇంకా వృథాగా తిరిగింది. భార్య ముందుకు వంగి కమ్మీని వేలితో పైకి లేపింది. "ఇది ఇలా లేస్తోందేంటండీ? దీనికిందనుంచి పోవాలేమో దారం."

"అదే చెప్పబోతున్నాను," అన్నాడాయన.

ముడి విప్పి మళ్ళీ వేశాక దారం నిజంగానే చుట్టుకుంది. ఆ చుట్టుకోవడం చూస్తుంటే ఆయనకు ఆపబుద్ధి కాలేదు. అంచుదాకా నిండింది. అంచు దాటింది. సగంలో ఆపడం చేతకానివాళ్ళ పని అనుకుంటూ ఇంకా చుట్టాడు. చివరికి తృప్తిగా కత్తెరతో తెంపి, కొస వదిలాడు.

రీలు మీది దారమంతా ఒక్కసారిగా ఉబ్బింది. చుట్టలు చుట్టలుగా పైకి లేచి సోఫా మీదికి దూకింది. అక్కడినుంచి భార్య కళ్ళజోడు మీదికి, బల్ల కాళ్ళ చుట్టూ, ఆయన కాలి బొటనవేలికి. బోనులోంచి వదిలిన ప్రాణిలా ఉంది. ఆయన దాన్ని పట్టుకోవడానికి లాగినకొద్దీ వేళ్ళు కోసుకున్నాయి.

"దీన్నేనా పది నిమిషాలన్నారు?" అంది భార్య, కళ్ళజోడు విడిపించుకుంటూ.

"దారానికి కొంచెం మొండితనం ఉంటుంది. నీళ్ళలో వేస్తే దారికొస్తుంది." దుకాణదారు మాటల్లో ఆయనకు మిగిలింది నీళ్ళు ఒక్కటే. "అత్తయ్యా, దీన్ని కాస్త వేడినీళ్ళలో వేయండి."

అత్తగారు ఆ కట్టంతా రెండు చేతులా ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆయన వేళ్ళ మీది కోతలు కడుక్కోవడానికి స్నానాల గదిలోకి వెళ్ళాడు. అప్పుడే ఆయన ఫోను మోగింది. అత్తగారు ఎత్తింది.

"అల్లుడుగారా? గాలం పనిలో ఉన్నారండీ. పొద్దుట్నుంచీ అదే లోకం. చేతులు తెగిపోయినా వదలడం లేదు... ఇంట్లోనేనండీ... రండి, రండి, దానికేం!"

ఫోను పెట్టేసరికి గిన్నె పొంగింది. పొంగిన గిన్నె దించే హడావుడిలో ఎవరో వస్తామన్న సంగతి ఆవిడ పూర్తిగా మరిచిపోయింది. గిన్నెలోంచి గరిటెతో పైకి తీసిన దారం రింగుల జుట్టులా ఉంది.

"మరిగించమనలేదత్తయ్యా! వెచ్చబెట్టమన్నాను."

"వెచ్చబెట్టి వదిలేయడం సగం పని బాబూ. మా ఇంట్లో సగం పనులు చేసే అలవాటు లేదు," అంది ఆవిడ.

భార్య నవ్వు ఆపుకోలేక అవతలికి తిరిగింది. ఆ నవ్వు ఆయనకు వీపు మీద తగిలింది. భార్య తన గురించి ఏమనుకుంటుందో ఆయన పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. తెలుసు అనుకున్నాడు.

రింగుల దారాన్ని ఎలాగో మళ్ళీ రీలుకెక్కించాడు. మెలికలు అలాగే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, దారం మొత్తం పొడుగ్గా వదిలేయాలని. చివర ఏమీ కట్టకూడదన్న మాట మాత్రం ఆయన వినలేదు. ఆ క్షణంలో "తెలుసు" అంటున్నాడు.

పొడుగ్గా వదలడానికి హాలు చాలదు. వాళ్ళుండేది మూడో అంతస్తు. మెట్లు చుట్టూ తిరుగుతూ దిగుతుంటే మధ్యలో కిందిదాకా బావిలాంటి ఖాళీ ఉంది. దారం నిటారుగా దిగాలంటే కొసకి బరువు కావాలి. రీలుతో పాటు ఒక తగరపు చేపబొమ్మ వచ్చింది. తళతళలాడుతూ, పొట్ట కింద మూడు ముళ్ళ కొక్కెంతో ఉంది. అది కట్టి, కమ్మీ ఎత్తి వదిలాడు.

"కింద ఎవరైనా ఉంటేనో?" అంది భార్య గుమ్మంలోంచి.

"ఈ వేళప్పుడు ఎవరుంటారు?"

రెండో అంతస్తులో రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఉంది. ఆ భవనంలోని వాళ్ళ సంఘానికి ఆవిడే సెక్రటరీ. నెల రోజులుగా గుమ్మాల ముందు వదిలిన చెప్పులు మాయమవుతున్నాయి. ఆవిడ నోటీసు పెట్టింది, మీటింగు పెట్టింది, చివరికి తన తలుపు ఓరగా తెరిచి వెనక కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ రోజు పొద్దున్నే భర్త నడక బూట్లు ఉతికి, మెట్ల రెయిలింగు మీద ఆరబెట్టింది.

పైన తెలుసుగారి చేతిలో దారం బరువెక్కింది. కర్ర కొస వంగింది. ఆ ఒక్క క్షణం ఆయనకు మెట్లు, అంతస్తులు, పెళ్ళాం, ప్రమోషను ఏవీ గుర్తులేవు.

"పడింది!" అన్నాడు గొంతు తగ్గించి, భక్తిగా.

చుట్టాడు. తడి బూటు ఒకటి రెయిలింగు మీంచి లేచి, గిరగిరా తిరుగుతూ పైకి ఎక్కసాగింది. రెండో అంతస్తులో తలుపు భళ్ళున తెరుచుకుంది.

"ఎవరది!" హెడ్‌మిస్ట్రెస్ ఒక్క అంగలో వచ్చి బూటుని రెండు చేతులా పట్టుకుని కిందికి లాగింది. రీలు కిర్రుమంటూ దారం వదిలింది. పొద్దుట్నుంచీ అది రీలులా పనిచేసింది అప్పుడే.

"వదిలేయండి మేడం! కొక్కెం గుచ్చుకుంటుంది!"

"వదలాలా? నెల రోజుల్నించి చెప్పులు పోతున్నాయని నేను గొంతు చించుకుంటుంటే, మీరు పైనుంచి గాలం వేసి లాగుతున్నారా?"

"నేను దారం సరిచేసుకుంటున్నానండీ!"

"మా ఆయన బూటుతోనా?"

ఆవిడ బడి నడిపిన మనిషి. వాదన పెంచలేదు. దారాన్ని మెట్లకు అడ్డంగా లాగి రెయిలింగుకు నాలుగు చుట్లు చుట్టి బిగించింది. "ఇది సాక్ష్యం. ఎవరూ ముట్టుకోకండి," అని మెట్ల మీద నిలబడి అందర్నీ పిలిచింది. తలుపులు తెరుచుకున్నాయి. పోయిన చెప్పుల రంగులు, పట్టీలు, కొన్న రోజులు నాలుగు గొంతులతో వినిపించాయి. ఒకాయన మెట్లెక్కి వచ్చి తెలుసుగారి గుమ్మం పక్కనున్న చెప్పుల అలమర తెరిచి ఒక్కో జతా తిరగేయసాగాడు.

సరిగ్గా అప్పుడు మేనేజరు పళ్ళ సంచి పట్టుకుని, దారం కింద తల వంచుకుని మెట్లెక్కి వచ్చాడు.

"మీరెవరు?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"వీరి మేనేజరునండీ. ఇందాక ఫోను చేశాను."

"మంచిది. మీ ఆఫీసులో చెప్పులు పోతున్నాయా?"

మేనేజరు పైకి చూశాడు. మూడో అంతస్తు రెయిలింగు దగ్గర కర్ర పట్టుకుని తెలుసుగారు, కట్టిన దారం ఇవతలి కొసన ఇరుక్కుపోయి నిలబడి ఉన్నాడు. దారం వదిలేస్తే పారిపోయినట్టు, పట్టుకుంటే ఒప్పుకున్నట్టు.

నాకు గాలం వేయడం రాదు, రీలుకు దారం చుట్టడం చేతకాక ఇలా అయింది. ఇంతే చెప్పాల్సింది. ఆయన ఆ వాక్యాన్ని లోలోపల ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. చేతకానివాడు అనిపించుకోవడం కన్నా దొంగ అనిపించుకోవడంలోనే కాస్త పరువు ఉన్నట్టు ఒక క్షణం తోచింది. చెప్పుల దొంగతనమైనా ఒక పని రావడమే కదా.

"సాధన చేస్తున్నాను సార్," అన్నాడు. "రేపటి కోసం. ముందు కదలని వస్తువు మీద గురి చూసుకుంటాం."

"బూటు మీదా?"

"మామూలుగా బూటు మీదే చేస్తాం సార్."

అత్తగారు ముందుకొచ్చింది. అల్లుడు దొంగ అనిపించుకుంటే ఆవిడ ఆ మెట్లు మళ్ళీ తలెత్తుకుని దిగలేదు. "చిన్నప్పట్నుంచీ అంతేనండీ మా అల్లుడు. పెళ్ళి రోజున కూడా గాలం కర్ర పట్టుకునే వచ్చాడు. మేమే లాక్కుని దాచాం."

హెడ్‌మిస్ట్రెస్ ఆవిడ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. భార్య వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. నిజమేనా?"

భార్య మొగుణ్ణి చూసింది. దొంగ పెళ్ళామా, గాలం వేసేవాడి పెళ్ళామా? ఆవిడకి మూడో దారి ఎవరూ మిగల్చలేదు. "ఆయనకి వేరే ధ్యాస లేదండీ," అంది. ఏ ధ్యాసో చెప్పలేదు కాబట్టి అది అబద్ధం కాదు.

ఈయన గాలం సంగతి తనకూ తెలుసన్న మేనేజరు మాట మీద జనం మెల్లగా విడిపోయారు. అలమర తిరగేసినాయన తన చెప్పులు కనబడనందుకు కొంచెం నిరాశగా దిగిపోయాడు. హెడ్‌మిస్ట్రెస్ మాత్రం కొక్కెం దగ్గర దారం కోయించి, బూటుతో సహా తెలుసుగారి ఇంట్లోకొచ్చి గుమ్మం పక్కన నిలబడింది. "ముందు ఈ కొక్కెం తీసివ్వండి. గాలం వేసేవారు కదా, తీయడం వచ్చే ఉంటుంది," అంది. ఆ నమ్మకంలో నమ్మకం పాళ్ళు తక్కువ.

ఆయన బూటు ఒళ్ళో పెట్టుకుని కొక్కెంతో కుస్తీ మొదలుపెట్టాడు. మేనేజరు సోఫా మీది దారపు చుట్టల్ని జాగ్రత్తగా పక్కకు జరిపి కూర్చున్నాడు.

"మీతో ఒక మాట చెప్పాలనే వచ్చాను. ఫోనులో బాగుండదని," అన్నాడు సిగ్గుగా నవ్వుతూ. "నాకు గాలం వేయడం రాదు."

తెలుసుగారి చేతులు ఆగిపోయాయి.

"ఆ ఫొటో నాకు ముందున్న మేనేజరుగారిది. మేకు ఊడిరాలేదు, అలాగే వదిలేశాను. మీరు అంత ఆశగా అడిగితే కాదనలేకపోయాను. నిజానికి నాకు నీళ్ళంటే భయం. పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. రీలేదో, దారమేదో కూడా తెలియదు."

తెలియదు. మేనేజరు ఆ మాట పళ్ళ సంచి బల్ల మీద పెట్టినంత తేలిగ్గా అనేశాడు. తెలుసుగారు ఆయన్ని తేరిపార చూశాడు. మనిషి ఇందాక ఎంత ఉన్నాడో ఇప్పుడూ అంతే ఉన్నాడు. గదిలో ఏమీ కూలిపోలేదు. భార్య వంటింటి గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి, కళ్ళతోనే బతిమాలుతోంది. చెప్పేయండి. నాకూ రాదు సార్ అని ఒక్క మాట. అందరం నవ్వుకుని భోజనాలు చేద్దాం.

కానీ గుమ్మం పక్కన హెడ్‌మిస్ట్రెస్ ఉంది. ఆవిడ లేకపోయినా చెప్పేవాడేనా అన్నది వేరే సంగతి.

"అందరికీ రాదు సార్," అన్నాడు తెలుసుగారు మృదువుగా. "అది పుట్టుకతో రావాలి."

భార్య ఆ మంచినీళ్ళు తనే తాగేసింది.

"అదే, అదే!" మేనేజరు ముఖం వెలిగింది. "ఇవాళ కళ్ళారా చూశాను. దాచడమెందుకు, హెడ్డాఫీసు పోస్టుకి మీ పేరే రాసి పెట్టాను. సోమవారం పంపాలి. కానీ ఇందాక మెట్లెక్కుతుంటే నా మనసు మారిపోయింది."

"ఎందుకు సార్?"

"ఇంత పిచ్చి ఉన్న మనిషిని తీసుకెళ్ళి గాజు గదిలో కూర్చోబెట్టడం అన్యాయం కాదూ? రిజర్వాయరు దగ్గర మన పంపుల స్టేషను ఉంది కదా. అక్కడ ఇంచార్జి పోస్టు ఎన్నాళ్ళుగానో ఖాళీ. ఎవర్నడిగినా వెళ్ళనంటారు. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేదంటారు. క్వార్టర్సు కిటికీలోంచే గాలం వేయొచ్చట! మీకోసమే ఖాళీగా ఉన్నట్టుంది."

"హెడ్డాఫీసు కూడా... అదీ బాధ్యత గల పనే కదా సార్..."

"మొహమాటపడకండి. మీ మనసేమిటో నాకు అర్థమైంది. ఏమ్మా, మీకు సంతోషమేనా?"

భార్య మొగుడి వంక చూసింది. ఇంకా సమయం ఉంది, ఆ వాక్యం ఇంకా అంత చిన్నగానే ఉంది. ఆయన నోరు తెరిచాడు. అప్పుడే కొక్కెం బూటు అంచుని చీల్చుకుని ఊడింది. హెడ్‌మిస్ట్రెస్ చీలికను వెలుతురుకి పెట్టి చూసి, ఆయన ముఖం చూసి, "హూఁ" అంది.

"చాలా థాంక్స్ సార్," అన్నాడు తెలుసుగారు.

మేనేజరు ఆయన చేతుల్ని ఊపి ఊపి వదిలి, మెట్ల మీది దారం కింద మళ్ళీ తల వంచుకుని, ఒక మంచిపని చేసిన తేలికతో దిగిపోయాడు. హెడ్‌మిస్ట్రెస్ బూటుతో వెనకే వెళ్ళింది. అత్తగారు సోఫా మీద కూలబడి, ఏ పోస్టు పెద్దదో ఎవరైనా చెబుతారేమోనని ఇద్దరి ముఖాలూ చూసింది. ఆయన నేలమీద దారపు చుట్టల మధ్య కూర్చుని, కమ్మీని ఎత్తుతూ దించుతూ ఉన్నాడు.

భార్య మేనేజరు తెచ్చిన పళ్ళు పళ్ళెంలో సర్ది, ఒకటి తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

"ఆ రిజర్వాయరు దగ్గర చేపలమ్మే కొట్టు ఉందేమో ముందే కనుక్కోండి," అంది. "మేనేజరుగారు చూడ్డానికొచ్చినప్పుడు మీరు ఏదో ఒకటి పట్టి ఉండాలి కదా."